రెండో అక్షరం అడగని రాజు

ఐదేళ్ల కిందట మా నాయనకు పక్షవాతం వచ్చి కుడి కాలూ, కుడి చెయ్యీ పడిపోయాయి. వాటితోపాటు మాట కూడా పోయింది. మెదడులో ఎడమ భాగం దెబ్బతింటే శరీరంలో కుడివైపు పట్టు తప్పుతుందనీ, చాలామందిలో మాటను నడిపించే భాగం కూడా ఆ వైపే ఉండడం వల్ల ఒక్కోసారి రెండూ కలిసి పోతాయనీ డాక్టరు వివరించారు. ముప్పై ఏళ్లకు పైగా తిరుపతి–చిత్తూరు బస్సులో కండక్టరుగా పనిచేసి, చంద్రగిరి, పాకాల, పూతలపట్టు అంటూ రోజంతా గొంతెత్తి పిలిచిన మనిషికి అది ఎంత పెద్ద శిక్షో చెప్పనక్కరలేదు. కొర్లగుంటలోని మా ఇంట్లో అప్పటికే రాజు అనే నాటుకుక్క ఉండేది. కుక్కలు మనుషులకు చేసే సాయం గురించి ఎక్కడ చదివినా నాకు మొదట గుర్తొచ్చేది ఆ నెలల్లో దానికీ నాయనకూ మధ్య నడిచిన వ్యవహారమే.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మూడో వారంలో నాయన నోట "రా" అన్న శబ్దం వచ్చింది. ఆయన పిలవబోయింది "రాజు" అని. రెండో అక్షరం దగ్గర నాలుక మొండికేసింది. కుక్కకు ఆ లోటు తెలియదు. మన భాషలో "రా" అంటే చాలు గనుక అది లేచి వచ్చి మంచం పక్కన నిలబడింది. ఆయన మళ్లీ అన్నారు, అది మళ్లీ తోక ఊపింది. మేమైతే ఆయన నోరు తెరవగానే "నీళ్లా నాయనా? ఫ్యాను వేసేదా? అమ్మను పిలిచేదా?" అని తొందరపడేవాళ్లం. అది ప్రేమతో చేసిన పనే అయినా, ఆయన పడాల్సిన ప్రయాసను ఆయనకు దక్కకుండా చేయడమేనని స్పీచ్ థెరపిస్టు మందలించేదాకా మాకు తట్టలేదు. రాజు ఎన్నడూ మాట అందించలేదు. ఎంతసేపైనా ముఖంలోకి చూస్తూ కూర్చునేది.

చేతి సంగతీ అంతే. ఫిజియోథెరపిస్టు మెత్తటి బంతి ఇచ్చి పూటకు ఇరవై సార్లు పిసకమన్నారు. నాయన నాలుగుసార్లు పిసికి దాన్ని మంచం కిందికి దొర్లించేసేవారు. ఒకరోజు అమ్మ, ఇల్లంతా రాలుతున్న కుక్క వెంట్రుకలతో విసిగిపోయి, పాత దువ్వెన ఒకటి ఆయన కుడిచేతిలో పెట్టి "ఊరికే కూసునే బదులు దాన్నన్నా దువ్వరాదా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. వేళ్లలోంచి దువ్వెన జారితే ఎడమచేత్తో మళ్లీ ఇరికించుకున్నారు. మెడ నుంచి తోక దాకా ఒకసారి దువ్వాలంటే భుజం కదలాలి, మోచెయ్యి చాచాలి, పిడికిలి సడలకూడదు. ఫిజియోథెరపిస్టు విడివిడిగా చెప్పిన మూడు వ్యాయామాలూ ఆ ఒక్క పనిలోనే ఉన్నాయి. దువ్వడం ఆపితే రాజు మూతితో ఆ చేతినే పైకి నెట్టేది. మందులూ, వ్యాయామమూ చేసిన మేలును కుక్క ఖాతాలో వేయడం నా ఉద్దేశం కాదు. ఆ వ్యాయామం ఆయన చేత చేయించింది మాత్రం అదే.

అంతమాత్రాన రాజును థెరపీ కుక్క అనడానికి వీల్లేదు, సర్వీస్ కుక్క అనడానికి అసలే వీల్లేదు. సర్వీస్ కుక్క అంటే వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కోసం ప్రత్యేకంగా కొన్ని పనులు నేర్చుకున్నది: వినపడనివారి దగ్గరికి వెళ్లి కాలింగ్ బెల్లు మోగిందని తాకి చెప్పడం, చక్రాల కుర్చీలో ఉన్నవారికి కిందపడ్డ తాళంచెవులు నోటితో అందించడం వంటివి. థెరపీ కుక్క తన యజమానితో కలిసి ఆస్పత్రులకూ బడులకూ వెళ్లి ఇతరులకు ఊరట కలిగిస్తుంది. అమెరికా చట్టం ప్రకారం మొదటిదానికి దుకాణాల్లోకీ హోటళ్లలోకీ యజమానితో వెళ్లే హక్కు ఉంది, రెండోదానికి లేదు. బోరిస్ లెవిన్సన్ అనే అమెరికన్ మనస్తత్వ నిపుణుడు, తాను పెంచుకునే కుక్క జింగిల్స్‌తో, ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడు చనువుగా ఉండడం గమనించి, 1960లలో కుక్కను చికిత్సలో తోడుగా ఉంచుకోవడం గురించి రాశాడు. అప్పట్లో తోటి నిపుణులు కొందరు నవ్వారట. నాయన నోట "రా" విన్న మాకు అందులో నవ్వవలసింది ఏమీ కనిపించలేదు.

ఈ తేడా నాకు తెలిసివచ్చింది నా తప్పు వల్లే. నాయన కోలుకుంటున్న ఉత్సాహంలో రాజును ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి ఒకదానికి తీసుకెళ్లాను. పది నిమిషాలు బాగానే గడిచింది. తర్వాత వరండాలో ఎవరి చేతిలోంచో స్టీలు పళ్లెం జారిపడగానే రాజు బెంచీ కిందికి దూరి గుర్రుమంది, ఒక పాప బెదిరి గంటసేపు ఏడ్చింది. అంతకు ముందే అది పదే పదే ఆవలించడం, మూతి నాక్కోవడం, ముఖం పక్కకు తిప్పుకోవడం నేను చూశాను. అవి కుక్క ఇబ్బంది పడుతున్నదనడానికి గుర్తులని తర్వాత తెలిసింది. రేబిస్ టీకా వేయించడంతో నా బాధ్యత తీరిందనుకున్నాను. అలాంటి చోట్లకు వెళ్లే కుక్కను ముందుగా శబ్దాలతో, కొత్తవాళ్ల కౌగిలింతలతో, చక్రాల కుర్చీలతో పరీక్షించాలి. దాని యజమానిని అంతకన్నా ఎక్కువగా పరీక్షించాలి.

చక్కెర వ్యాధితో చూపు పోయిన నాయన పాత స్నేహితుడొకరు ఓసారి "మీ రాజు మాదిరి కుక్క నన్ను లీలామహల్ దాకా నడిపిస్తాదా అబ్బోడా?" అని అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఇలాంటి కుక్కలకు బడి పెట్టారని ఆయనకు చెప్పాను. దారిచూపే కుక్క సిగ్నల్ లైట్లు చదవదు. వాహనాల చప్పుడు విని ఎప్పుడు దాటాలో నిర్ణయించేది మనిషే. ఆయన "పద" అన్నప్పుడు ఎదురుగా బండి వస్తుంటే కదలకుండా నిలబడిపోవడం కుక్క నేర్చుకున్న విద్య. చెప్పిన మాట వినకపోవడాన్ని కూడా నేర్పిస్తారని విని ఆయన పడీపడీ నవ్వారు. అయితే మూత లేని కాలువలు, కాలిబాట మీది తోపుడుబండ్లు, వీధికొకటి చొప్పున కాపు కాసే ఊరకుక్కల గుంపుల మధ్య ఎంత చదువుకున్న కుక్కకైనా పని కష్టమే. పోలీసుల దగ్గరున్నదాన్ని పత్రికలు "జాగిలం" అని గౌరవంగా రాస్తాయి. మిగిలినవాటి పేరు మనకు తిట్టుగానే పనికొస్తుంది.

రాజుకు ఇప్పుడు మూతి నెరిసింది. సాయంత్రం ఇద్దరూ వసారాలో కూర్చున్నప్పుడు నాయన మూడు పళ్లు విరిగిన ఆ దువ్వెనతోనే దువ్వుతూ, ఒక్కో దువ్వుకు ఒక్కో స్టాపు పేరు పలుకుతారు. చంద్రగిరి స్పష్టంగా వస్తుంది. పాకాల వస్తుంది. పూతలపట్టు దగ్గర నాలుక ఇంకా తడబడుతుంది. అప్పుడు చెయ్యి ఆగుతుంది, రాజు తల ఎత్తి చూస్తుంది, ఆయన మళ్లీ తిరుపతి నుంచి మొదలుపెడతారు.