అమ్మకు 18 సూదులు: హెర్-2 రిపోర్టు నుంచి ఆఖరి డోసు దాకా నా అనుభవం

2022 ఆగస్టులో పత్తి చేనులో కలుపు తీస్తున్నప్పుడే అమ్మకు ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలిందట. మాకు చెప్పింది మాత్రం దసరాకు నేను ఊరికి వెళ్లినప్పుడు. నొప్పి లేదు కదా, పత్తి ఏరడం అయిపోయాక చూపించుకుందాం అనుకుందట. నొప్పి లేని గడ్డను కూడా వెంటనే చూపించుకోవాలని మా ఊళ్లో ఆమెకు ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ వారానికి మూడుసార్లు ఫోన్ చేసి వంట దగ్గర్నుంచి వర్షం దాకా అన్నీ మాట్లాడే నేను కూడా ఈ ఒక్క మాట ఎప్పుడూ మాట్లాడలేదు, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అది రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అప్పటి నుంచి 2024 మార్చిలో ఆఖరి సూది పడేదాకా రెండు చోట్ల మేం కొద్దిలో దారి తప్పేవాళ్లం. ఒకటి రిపోర్టు దగ్గర, ఇంకోటి మందు కొనే దగ్గర. ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఆపరేషన్ హనుమకొండలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ మీద అయ్యింది. తీసిన గడ్డను ల్యాబుకు పంపితే ఈఆర్, పీఆర్ (ఈ రెండూ ఆడ హార్మోన్ల వల్ల గడ్డ పెరుగుతోందా అని చూసేవి), హెర్-2 అని మూడు పరీక్షల ఫలితాలు వస్తాయి, తర్వాత ఏ మందు ఇవ్వాలన్నది చాలావరకు ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది. డిశ్చార్జ్ కాగితంలో "హెర్-2 నెగెటివ్" అని టైప్ చేసి ఇచ్చారు. సరే అనుకున్నాం. రెండు రోజుల తర్వాత ఫైల్ సర్దుతూ ల్యాబు వాళ్ల అసలు రిపోర్టు చదివితే అందులో "హెర్-2: 2+, ఈక్వివోకల్, ఫిష్ పరీక్ష చేయించవలెను" అని ఉంది. అంటే నెగెటివ్ కాదు, పాజిటివ్ కూడా కాదు, తేలలేదు అని. 0, 1+ వస్తే నెగెటివ్, 3+ వస్తే పాజిటివ్, 2+ వస్తే ఇంకో పరీక్ష చేస్తేగానీ చెప్పలేరు. ఇది నాకు ఆ రాత్రే తెలిసింది. తెల్లవార్లూ నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ ఒక్క పదం నమ్మి ఊరుకుంటే అమ్మకు అసలు పడాల్సిన మందే పడేది కాదు.

రొమ్ము క్యాన్సర్లలో నూటికి 15 నుంచి 20 వరకు ఈ హెర్-2 రకానివి ఉంటాయి. మనందరి కణాల్లో హెర్-2 జన్యువు రెండు కాపీలు ఉంటుంది. ఈ రకం క్యాన్సర్‌లో ఆ కాపీలు పెరిగిపోయి, కణం పైపొర మీద హెర్-2 ప్రోటీన్ కిక్కిరిసిపోయి, 'పెరుగు, పెరుగు' అనే సంకేతం ఆగకుండా లోపలికి పోతూ ఉంటుంది. మొదటి పరీక్షలో రంగు వేసి ఆ ప్రోటీన్ ఎంతుందో కంటితో చూసి చెబుతారు. ఫిష్‌లో అయితే వెలుగు చుక్కల సాయంతో ఒక్కో కణంలో జన్యువు కాపీలనే లెక్కపెడతారు.

ఫిష్ చేయాలంటే మైనపు బ్లాక్ కావాలి. గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి తర్వాత మైనంలో పోసి పెడతారు, అగ్గిపెట్టెకన్నా చిన్నగా ఉంటుంది. మా చేతికి గాజు స్లైడ్లు మాత్రమే ఇచ్చారు, బ్లాక్ అడిగితే ఆసుపత్రి వాళ్లు ల్యాబులో ఉందన్నారు, ల్యాబు వాళ్లు ఆసుపత్రికి పంపేశామన్నారు, అట్లా నాలుగు రోజులు తిరిగాను. చివరికి ల్యాబు రిసెప్షన్‌లో ఉన్న ఒక అమ్మాయి పాత రిజిస్టర్ తీసి, నంబర్ చూసి, స్టోర్ రూమ్‌లోంచి తనే తెచ్చిచ్చింది. ఆ అమ్మాయికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆపరేషన్ గానీ బయాప్సీ గానీ అయిన రోజే బ్లాక్ ఎక్కడ ఉంటుందో, ఎవరిని అడగాలో కనుక్కుని బ్లాక్ నంబర్ రాసి పెట్టుకోండి.

ఫిష్‌కు మాకు 12 వేలు అయ్యాయి, పది రోజులు పట్టింది. ఈలోగా హైదరాబాద్‌లో వేరే డాక్టర్ గారి దగ్గర ఫైల్ పెట్టాం. ఆమె ఆగాల్సిన పని లేదన్నారు. ముందు మూడు వారాలకోసారి చొప్పున నాలుగు కీమోలు ఉంటాయి, అందులో ఎర్ర రంగు మందు గుండెను బలహీనపరచొచ్చు, హెర్-2 సూది కూడా గుండె మీదే ప్రభావం చూపిస్తుంది కాబట్టి రెండూ కలిపి ఇవ్వరు, ఆ నాలుగూ అయ్యాకే ఇది మొదలవుతుంది, ఫలితం లేటైనా నష్టం లేదు అని చెప్పారు. ఫిష్ రేషియో, అంటే హెర్-2 కాపీలు ఆ జన్యువు ఉండే క్రోమోజోముల కన్నా ఎన్ని రెట్లు ఉన్నాయన్న అంకె, 4 దాటి వచ్చింది. 2 వచ్చినా పాజిటివే. అది చూసి భయపడాలో సంతోషించాలో తెలియలేదు, కానీ మందు ఉన్న రకమే అని డాక్టర్ గారు అన్నాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ మందు పేరు ట్రాస్టుజుమాబ్. అమెరికాలో 1998 సెప్టెంబర్‌లో అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మనకు రాసిచ్చేది ఎక్కువగా దీని బయోసిమిలర్. ఈ మాట దగ్గర మా బాపు ఆగిపోయాడు.

"అంటే అసలుది కాదా, కాపీనా?" అని అడిగాడు.

ఆయన భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. బాపు నలభై ఏళ్లుగా పత్తి వేస్తున్నాడు. శనగపచ్చ పురుగుకు వారం వారం మందు కొట్టి అప్పులపాలైన రోజులు చూశాడు, 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఆ ప్యాకెట్లు వేసి ఆ మందు కొట్టుడు తగ్గడమూ చూశాడు. ఒక సంవత్సరం తెలిసినాయన ఇచ్చాడని బిల్లు లేకుండా లూజు విత్తనాలు వేస్తే చెట్టు ఏపుగా పెరిగింది గానీ కాయ పట్టలేదు. ఎవరిని అడగాలన్నా చేతిలో కాగితం లేదు. ఆ ఏడాది అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టారు. అందుకని కాపీ అన్న మాట వింటే ఆయనకు ముందు గుర్తొచ్చేది ఆ చేనే.

డాక్టర్ గారు విసుక్కోలేదు. "పెద్దాయనా, బీటీ విత్తనం అంటే ఏంటో తెలుసా?" అని అడిగారు. "మట్టిల ఉండే బ్యాక్టీరియా గుణం తెచ్చి పత్తిల పెట్టిన్రు, పురుగు కొరికితే సస్తది" అన్నాడు బాపు. ఇది కూడా అటువంటి పనే అని ఆమె చెప్పడం మొదలుపెట్టారు. హెర్-2 ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ తయారుచేసే జన్యువును చైనా హామ్‌స్టర్ అనే ఎలుక లాంటి చిన్న జంతువు కణాల్లో పెడతారు, 1957లో ఆ జంతువు అండాశయం నుంచి తీసిన కణాలే తరతరాలుగా ల్యాబుల్లో పెరుగుతున్నాయి, వాటిని పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో పెంచితే అవి ఈ యాంటీబాడీని తయారుచేసి బయటికి వదులుతాయి, దాన్ని శుభ్రం చేసి పొడిగా మార్చి సీసాలో పెడతారు. పత్తిలో ఆకే మందు తయారుచేసుకుంటుంది, ఇక్కడ ట్యాంకులో కణం తయారుచేస్తుంది. మామూలు మాత్ర అయితే రసాయనం కాబట్టి ఎవరు చేసినా అదే అణువు వస్తుంది, ఇది బతికున్న కణం చేసేది కాబట్టి రెండు కంపెనీలవి అచ్చుగుద్దినట్టు ఉండవు, అందుకే జనరిక్ అనకుండా బయోసిమిలర్ అంటారు, రోగుల మీద పోల్చి చూసి ఒకేలా పనిచేస్తోందని నిరూపించాకే అమ్మాలి, మన దేశంలో దీనికి 2012 నుంచి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఉన్నాయి. బెంగళూరు బయోకాన్, మైలాన్ కంపెనీలు కలిసి చేసిన ఈ మందుకే 2017 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఒప్పుకుందని చెప్పారు.

బాపు అంతా విని ఇంకో ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. "బీటీకి గులాబీ పురుగు అలవాటు పడ్డది మేడం, ఇప్పుడు లోపల ఉండి కాయ తొలుస్తున్నది. గీ రోగం గూడ గట్ల అలవాటు పడదా?" ఆమె కాసేపు ఆగి, కొందరిలో పడుతుంది, అబద్ధం చెప్పను అన్నారు. కానీ అమ్మకు ఇంకా వేరే అవయవాలకు పాకలేదు, ఈ దశలో ఏడాదంతా మధ్యలో వదిలేయకుండా తీసుకుంటే పూర్తిగా నయం కావాలన్నదే మా లక్ష్యం అన్నారు. బాపు తల ఊపాడు. ఆ తర్వాత ఆ మందు గురించి ఆయన ఒక్కసారి కూడా సందేహపడలేదు. ఆయన సందేహమంతా అమ్మేవాళ్ల మీదికి మళ్లింది, అదే మాకు మంచిదైంది.

మా ప్యాకేజీలో ఈ సూది కలవదన్నారు, బయట కొనాల్సి వచ్చింది. ఆసుపత్రి బయట ఒకతను చాలా తక్కువకు ఇప్పిస్తానని వచ్చాడు, కానీ బిల్లు ఉండదన్నాడు. నేను లెక్కలేసుకుని ఊగిసలాడాను, నిజం చెప్పాలంటే సగం ఒప్పుకున్నాను కూడా. బాపు మాత్రం "బిల్లు లేకుంటే వద్దు బిడ్డా. పుసుక్కున ఏదన్న అయితే ఎవల్ని అడుగుతం?" అని అక్కడి నుంచి లేచి వచ్చేశాడు. లైసెన్సు ఉన్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లు మీద కొన్నాం. ప్రతిసారీ బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ బిల్లు మీదా పెట్టె మీదా ఒకటేనా అని బాపు చూసేవాడు, నేను ఫోటో తీసేదాన్ని. సూది అయ్యాక ఖాళీ సీసా మీద లేబుల్‌ను పెన్నుతో కొట్టేసి పారేయమని నర్సును అడిగేవాళ్లం, ఎందుకంటే ఖాళీ సీసాల్లో ఇంకేదో నింపి మళ్లీ అమ్మే మోసాలు ఉన్నాయి. నర్సులు ఏమీ అనుకోలేదు.

మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. ఐస్ ప్యాక్ నేరుగా సీసాకు తగలకుండా మధ్యలో తువ్వాలు మడిచి పెట్టేవాళ్లం.

ఇక డోసు లెక్క. ఇది అందరికీ చెప్పరు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. మొదటి డోసు కిలోకు 8 మిల్లీగ్రాములు, తర్వాత మూడు వారాలకోసారి కిలోకు 6. అమ్మ బరువు 55 కిలోలు. మొదటిది 440, సరిగ్గా ఒక సీసా. రెండోది నుంచి 330. అంటే ప్రతిసారీ 110 మిగులుతుంది. 440 సీసాతో పాటు వచ్చే నీళ్లలో పాడవకుండా ఉంచే మందు కలిసి ఉంటుంది, ఆ నీళ్లతో కలిపితే ఫ్రిజ్‌లో 28 రోజులు వాడుకోవచ్చు. (150 సీసాకు ఇది కుదరదు, అది ఒక్కసారికే.) మన డోసు 21 రోజులకు వస్తుంది, కాబట్టి మిగిలింది తర్వాతి డోసులో కలుస్తుంది. అట్లా నాలుగు డోసులకు మూడు సీసాలు సరిపోతాయి. మా ఆసుపత్రి ఫార్మసీలో పేరు, తేదీ రాసి వాళ్ల ఫ్రిజ్‌లోనే పెట్టారు. మీ డాక్టర్‌ను, ఫార్మసీని ముందే అడగండి, సొంతంగా ఇంట్లో పెట్టుకోవద్దు.

2023 ఫిబ్రవరిలో మొదటి సూది. మొదటిసారి గంటన్నర ఎక్కించారు, సగంలో అమ్మకు చలి వణుకు, జ్వరం. కాసేపు ఆపి మందిచ్చి మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి నుంచి ఏమీ లేదు. అరగంటలో అయిపోయేది, అమ్మ పక్క బెడ్ ఆమెతో మాట్లాడుతూ ఉండేది. మధ్యలో వారం వారం ఇచ్చే కీమో పన్నెండు వారాలు, ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టడం, అవన్నీ మామూలుగానే గడిచాయి.

కష్టమంతా ఆగస్టులో వచ్చింది. మూడు నెలలకోసారి ఎకో తీస్తారు, గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో ఈఎఫ్ అనే అంకెతో చెబుతారు. మొదట్లో 62 ఉండేది, తొమ్మిదో డోసుకు ముందు 48 వచ్చింది. అమ్మకు ఆయాసం గానీ కాళ్ల వాపు గానీ ఏమీ లేదు, ఎకో తీయకపోతే తెలిసేదే కాదు. డోసు ఆపేశారు, గుండెకు మాత్రలు మొదలుపెట్టారు. 110 చొప్పున పోగై ఎనిమిదో డోసు అయ్యాక మిగిలిన 330, అంటే ఒక పూర్తి డోసు, ఫ్రిజ్‌లో అట్లాగే ఉండిపోయి 28 రోజులు దాటితే పారేశారు. ఆ డబ్బు కన్నా మందు ఆగిపోయిందన్న టెన్షనే మమ్మల్ని తినేసింది. మధ్యలో వదిలేయొద్దన్నారు కదా అని బాపు రోజూ అడిగేవాడు. ఐదు వారాల తర్వాత ఎకోలో 55 వచ్చింది. మళ్లీ మొదలుపెట్టారు, కానీ గ్యాప్ ఎక్కువైంది కాబట్టి మళ్లీ మొదటిసారి లాగా 440 ఇచ్చి, ఆ తర్వాత 330 చొప్పున. మొత్తం 18 డోసులకు 15 సీసాలు పట్టాయి.

ఆఖరి డోసు రోజు అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. నర్సులకు ఇంట్లో చేసిన సకినాలు తెచ్చింది.

ఇప్పుడు ఈఆర్ పాజిటివ్ కాబట్టి రోజూ ఒక మాత్ర వేసుకుంటోంది, అది ఇంకా కొన్నేళ్లు ఉంటుంది. వానాకాలంలో కలుపుకు మాత్రం ఆమెను పంపడం లేదు, ఎడమ చేయి వాస్తుందని భయం. మైనపు బ్లాక్ నా దగ్గరే హైదరాబాద్‌లో ఉంది, మా ఊరి ఎండలకు మైనం కరుగుతుందేమోనని ఇంటి దగ్గర పెట్టలేదు. బిల్లులన్నీ బాపు విత్తనాల బిల్లులు పెట్టుకునే ఇనుప పెట్టెలోనే ఉన్నాయి. వచ్చే నెల మామోగ్రామ్ ఉంది, ఈసారి మా పిన్నిని కూడా తీసుకెళ్తున్నాను, ఆమెకు గడ్డేమీ లేదు, అయినా చూపిద్దామని అమ్మే పట్టుబట్టింది.