మన ఇంటి సాలీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎలా వెళ్లాయి

విజయవాడలో పైకప్పు మూలల్లో బూజు పట్టించే పొడుగు కాళ్ల సాలీడు అందరికీ తెలిసిందే. గూడును వేలితో తాకితే పారిపోదు, ఒళ్లంతా వేగంగా ఊపేస్తుంది. పొట్ట గుండ్రంగా కాక, వెనక కోసినట్టు పెట్టె ఆకారంలో ఉంటే అది క్రాసోప్రైజా లయోని. 1867లో ఇంగ్లండ్ సాలీళ్ల నిపుణుడు జాన్ బ్లాక్‌వాల్ దీన్ని భారతదేశపు నమూనాలతోనే శాస్త్రానికి పరిచయం చేశాడు. ఇప్పుడది బ్రెజిల్‌, ఫ్లోరిడా, థాయిలాండ్, ఆస్ట్రేలియా ఇళ్లలోనూ ఉంది.

క్యాలెండర్ వెనక, బాత్‌రూమ్ తలుపు వెనక కనబడి హడలగొట్టే గోధుమరంగు పెద్ద సాలీడు హెటిరోపోడా వెనటోరియా. కాళ్లు చాపితే 7 నుంచి 12 సెంటీమీటర్లు. గూడు కట్టదు, రాత్రిపూట బొద్దింకలను వేటాడుతుంది. దీని పుట్టిల్లు ఉష్ణమండల ఆసియా. అమెరికా ఖండాలకూ ఆఫ్రికాకూ పసిఫిక్ దీవులకూ ఓడల్లో చేరింది. అరటి గెలల్లో తరచూ దొరకడంతో అక్కడ దీన్ని అరటి సాలీడు అంటారు. ఒళ్లు పలచగా ఉండటం వల్ల గెలల మధ్య, చెక్కపెట్టెల సందుల్లో సులువుగా దూరిపోతుంది. ఆడది బిళ్లలాంటి గుడ్ల సంచిని ఒంటి కింద పట్టుకునే తిరుగుతుంది. అంటే అలాంటి ఆడది ఒక్కటి దిగినా ఒక తరమంతా దిగినట్టే. మంచు పడే చోట్ల మాత్రం బయట బతకలేదు, వెచ్చటి భవనాల్లోనే నిలుస్తుంది.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. పగలు ఎండ గోడల మీద ఈగలను పట్టే బూడిదరంగు గెంతుడు సాలీడు మెనెమెరస్ బైవిట్టాటస్, గదుల్లో తిరిగే ప్లెక్సిప్పస్ పేకల్లీ, రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవే.

చాలా జాతుల పిల్ల సాలీళ్లు దారం వదిలి గాలిలో తేలతాయి. 1832లో డార్విన్, తీరానికి దాదాపు 60 మైళ్ల దూరంలో బీగిల్ ఓడ మీద అలాంటివి వాలడం చూశాడు. ఇంటి సాలీళ్లు ఖండాలు దాటింది మాత్రం ముఖ్యంగా మన సరుకులతోనే. చేల గట్ల మీద పెద్ద గూళ్లు కట్టేవాటికి మొక్కలు, గాలి, తేమ కావాలి. ఇంటివాటికి పొడి గోడ, ఒక సందు చాలు, వారాల తరబడి తిండి లేకపోయినా ఓర్చుకుంటాయి. మన గోడల మీది బల్లి కూడా ఇదే దారిలో పసిఫిక్ దాకా వెళ్లింది.

వీటిని గుర్తుపట్టడంలో జరిగే పెద్ద పొరపాటు, ఇంటర్నెట్‌లో ఇంటి సాలీడు అని వెతికి వచ్చిన మొదటి బొమ్మతో పోల్చుకోవడం. అక్కడ కనిపించేవి ఎక్కువగా యూరప్, ఉత్తర అమెరికా ఇళ్లలోవి. వాట్సాప్‌లో భయపెట్టే బ్రౌన్ రెక్లూజ్ అనే విష సాలీడు అసలు అమెరికా మధ్య, దక్షిణ రాష్ట్రాలది. దానికి ఆరు కళ్లే ఉంటాయి, మన పెద్ద గోధుమ సాలీడుకు ఎనిమిది. మనది కుడితే నొప్పి, వాపు వస్తాయి గానీ ప్రాణాపాయం లేదు.

ఫొటోలు కనీసం మూడు తీయండి: పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి. పొడుగు కాళ్లదానికి పక్కనుంచి తీసిందే ముఖ్యం. పైనుంచి తీస్తే పెట్టెలాంటి పొట్ట తేలదు. తెల్ల గోడ మీద ఫ్లాష్ వేస్తే రంగులు పోతాయి, టార్చిని పక్కనుంచి పట్టుకోండి. గోడకు స్కేలు ఆనించండి. గెంతుడు సాలీడుకు ముందు రెండు పెద్ద కళ్లు కనబడాలి. పిల్లవాటిని ఫొటోతో తేల్చడం కష్టం, అక్కడ జాతి పేరు రాయకండి. జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు తేదీ, పేట, ఇంటి లోపలా బయటి గోడా అన్నది రాస్తేనే వ్యాప్తి పటానికి పనికొస్తుంది. వన్‌టౌన్ పెంకుటిల్లూ తాడేపల్లి కొత్త ఫ్లాటూ రెండూ కావాలి.

పట్టాల్సి వస్తే వెడల్పు మూతి గాజు సీసా బోర్లించి, కింద నుంచి అట్ట జరపండి. అంచు కింద కాలు పడితే తెగిపోతుంది. మందు కొట్టడం వల్ల లాభం తక్కువ, గూట్లో వేలాడేది మందు పడిన గోడ మీద నడవదు కదా. బూజుకర్రతో గుడ్లతో సహా తీసి, తలుపు పైన రాత్రంతా వెలిగే తెల్ల లైటు ఆపేస్తే పురుగులు తగ్గుతాయి, వాటితో పాటు గూళ్లూ తగ్గుతాయి.