అమ్మ మోకాళ్లు, గుండ్రపు బండి

2006 జూన్ మొదటి వారంలో అమ్మా నాన్నా న్యూజెర్సీలోని మా ఇంటికి వచ్చారు. విమానాశ్రయం నుంచి ఇల్లు చేరేలోపే కారు మార్చక తప్పదని నాకు అర్థమైపోయింది. మా పాత సెడాన్ సీటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఒక చేయి తలుపు మీద, ఇంకో చేయి నా భుజం మీద వేసి మెల్లగా వంగేది కానీ, ఆఖరి జానెడు దూరం మోకాళ్లు ఆపలేక సీట్లో కూలబడేది. దిగేటప్పుడు నేను రెండు చేతులూ పట్టుకొని లేపాలి. అప్పుడు ఆమె పెదవి బిగబట్టుకోవడం చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. ఉండబోయేది ఆరు నెలలు. బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వరస్వామి గుడికీ, చుట్టాల ఇళ్లకూ, ఆసుపత్రికీ ఇలా ఎన్నిసార్లు ఎక్కించి దించాలి?

మిత్రుడి ఎస్‌యూవీ అడిగి తెచ్చి చూశాం. అది వేరే రకం కష్టం. కాలు లోపల పెట్టాలంటే మోకాలు నడుము దాకా లేవాలి. మినీవ్యాన్ సరిపోయేది గానీ, దాని ధర మాకు మించిన పని. పైగా అంతకుముందు ఏడాది కత్రినా తుఫాను తరవాత పెట్రోలు గ్యాలన్ 3 డాలర్లు దాటింది. ఆ వేసవిలోనూ మళ్లీ ఆ దరిదాపులకే చేరింది.

న్యూజెర్సీలో ఆదివారం కార్ల అమ్మకం చట్టరీత్యా నిషేధం. షోరూములన్నీ మూసి ఉంటాయి. అదే నాకు కలిసొచ్చింది. వెంటపడేవారు ఎవరూ లేకుండా ఆరుబయట నిలిపిన కార్ల మధ్య ఇంటిల్లిపాదీ తిరిగాం. ప్రతి కొత్త కారు అద్దానికీ ధర కాగితం అతికించి ఉంటుంది. 1958 నాటి చట్టం వల్ల అది తప్పనిసరి. ఇంజను, మైలేజీ, తయారైన ఊరు, అదనపు హంగుల ధరలు అన్నీ అందులో ఉంటాయి. నేను అవి చదువుకుంటూ ఉంటే నాన్న ఒక కారు దగ్గర ఆగిపోయారు.

"ఒరేయ్, ఇది మన అంబాసిడర్‌కు పెద్దన్నలా ఉందే!"

అది షెవర్లే హెచ్‌హెచ్‌ఆర్. చక్రాల మీద ఉబ్బిన రెక్కలు, గుండ్రటి ముక్కు, ఎత్తయిన కప్పు. నాన్న పోలిక ఊరికే పుట్టలేదు. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ 1950ల నాటి బండి. ఈ హెచ్‌హెచ్‌ఆర్‌ను 1949 షెవర్లే సబర్బన్‌ను మనసులో పెట్టుకొని గీశారు. ఇంచుమించు ఒకే కాలపు అందం అది. కాలేజీ రోజుల్లో అద్దె అంబాసిడర్‌లో తొమ్మిదిమంది పెళ్లికి వెళ్లిన కథ నాన్న అక్కడే, ఎండలో నిలబడి, మొత్తం చెప్పారు.

ఇక అభిప్రాయాల వర్షం మొదలైంది. "శవాలు మోసే బండిలా ఉంది, అమ్మానాన్నలను అందులో ఎక్కిస్తావా?" అన్నాడు ఒక మిత్రుడు. "పీటీ క్రూజర్‌కు నకలు" అన్నాడు ఇంకొకడు. ఆ రెండో మాటలో కొంత నిజం ఉంది. క్రైస్లర్ కంపెనీలో ఉన్నప్పుడు పీటీ క్రూజర్ అనే పాతకాలపు రూపం కారును గీసిన బ్రయాన్ నెస్బిట్టే తరవాత షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్‌కు వచ్చి దీని రూపకల్పనకూ సారథ్యం వహించారు. ఒకే చేతి రాత రెండు ఉత్తరాల్లో కనిపించడం వింతేమీ కాదు. నాకు మాత్రం ఈ పాతకాలపు రూపం ఉత్త ముచ్చట కోసం పెట్టుకున్న వేషంలా అనిపించలేదు. ఆ కాలంలో కార్లు ఎత్తుగా ఉండేవి, మనుషులు వాటిలో కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చునేవారు. తరవాత కార్లు ఏటేటా కిందికి జారాయి. పాత రూపాన్ని తిరిగి తెచ్చినప్పుడు దానితోపాటు ఆ కూర్చునే తీరు కూడా కొంత తిరిగి వచ్చింది. మాకు కావలసింది సరిగ్గా అదే.

సోమవారం సాయంత్రం అమ్మను తీసుకొని వెళ్లాను. ముందు సీటును చివరిదాకా వెనక్కి జరిపి తలుపు బార్లా తెరిచాను. అమ్మ వీపు సీటు వైపు తిప్పి, అంచు తొడలకు తగిలేదాకా వెనక్కి జరిగి, కూర్చుంది. కూలబడలేదు, కూర్చుంది. ఎడమకాలు లోపలికి తీసుకుంది, తరవాత కుడికాలు. గుమ్మం దాటడానికి పాదం కొద్దిగా ఎత్తితే చాలింది. దిగేటప్పుడు పాదాలు నేలకు ఆనించి, అరచేతులతో సీటు అంచు నొక్కి లేచింది. నా భుజం కోసం చూడలేదు. "మన వంటింటి ముందు అరుగు అంత ఎత్తుంది నాయనా" అంది. నాలుగు సార్లు ఎక్కించి దించాను. సేల్స్‌మన్‌కు విసుగు వచ్చి ఉంటుంది, కానీ నాకు కావలసిన పరీక్ష అదొక్కటే. పక్క రోజు పీటీ క్రూజర్‌లోనూ ఇలాగే కూర్చోబెట్టాను. మోకాళ్ల వరకు రెండూ సమానమే. హైవే మీద గ్యాలన్‌కు 30 మైళ్లు అన్న లెక్క చూసి హెచ్‌హెచ్‌ఆర్ వైపు మొగ్గాను.

కొరతలు కూడా చూసుకున్నాను. పాతకాలపు రూపానికి కిటికీలు కురచగా ఉండాలి, వాటి మధ్య స్తంభాలు లావుగా ఉండాలి. అందుకని రోడ్డు మీద వరస (లేన్) మారేటప్పుడు అద్దాన్ని నమ్ముకుంటే చాలదు, మెడ పూర్తిగా తిప్పి చూడాలి. చిన్న ఇంజను 143 గుర్రాల బలం, దానికి నాలుగు గేర్ల ఆటోమేటిక్. 172 గుర్రాల పెద్ద ఇంజను ఉంది గానీ, దానికి డబ్బు ఎక్కువ. మంచులో నాలుగు చక్రాలూ లాగే సౌకర్యం ఏ రకంలోనూ లేదు. ఇవన్నీ ఒప్పుకోదగినవే అనిపించాయి.

ధర బేరం మాత్రం నన్ను నిజంగా అలసిపోయేలా చేసింది. ముందే మా క్రెడిట్ యూనియన్‌కు (సభ్యులకు అప్పులిచ్చే సహకార సంస్థకు) వెళ్లి 17,000 డాలర్ల అప్పు, 60 నెలలు, 6 శాతం వడ్డీ అని మంజూరు కాగితం తెచ్చుకున్నాను. నెలకు 329 డాలర్లు. మొదటి షోరూములో కారు ధర ఎంతకిస్తారని నేను అడిగితే, "నెలకు ఎంత కట్టగలరు?" అని అతను అడుగుతాడు. అరగంట ఇదే వరస. మేనేజరు గదిలోకి నాలుగుసార్లు వెళ్లి వచ్చి, చివరికి నెలకు 290 అని పెద్ద అంకెలతో రాసిన కాగితం నా ముందుకు జరిపాడు. చూడగానే మంచి బేరమే అనిపిస్తుంది. ఎన్ని నెలలని అడిగితే 72 అన్నాడు. కాగితం తిరగేసి లెక్క కట్టాను. 290ని 72తో గుణిస్తే 20,880. నా దగ్గరున్న 329ని 60తో గుణిస్తే 19,740. నెలకు 39 డాలర్లు తగ్గించినట్టు చూపించి, మొత్తం మీద 1,140 డాలర్లు ఎక్కువ లాగుతున్నారన్నమాట. నాకు కోపం వచ్చింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని బయటికి వచ్చేశాను. కారు కొనేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే: కొత్త కారు ధర, అప్పు, పాత కారు మార్పిడి, ఈ మూడింటినీ కలిపి మాట్లాడనివ్వకండి. ఒకటి తేలాకే రెండోది ఎత్తనివ్వండి.

ఈలోగా రాష్ట్రంలో బడ్జెట్ గొడవ. అమ్మకపు పన్ను 6 నుంచి 7 శాతానికి పెంచాలా వద్దా అని తేల్చుకోలేక, జూలై మొదట్లో వారం రోజులు ప్రభుత్వ కార్యాలయాలే మూతబడ్డాయి. చివరికి జూలై 15 నుంచి పెంపు అమలన్నారు. ఇక షోరూముల నుంచి ఫోన్లే ఫోన్లు: "పన్ను పెరగబోతోంది, ఈరోజే సంతకం పెట్టండి." ఒక శాతం అంటే మా బండి మీద 175 డాలర్లు. ఆ తొందరలో వెయ్యి డాలర్లు పోగొట్టుకోకూడదని మనసుకు గట్టిగా చెప్పుకున్నాను. ఇంకో మూడు చోట్ల ఫోనులోనే ధర అడిగాను. ఒకాయన దాపరికం లేకుండా, పన్ను కాక 17,500 అన్నారు. జూలై 12న వెళ్లాను. పొడిగించిన వారంటీ, అద్దాల మీద నంబరు చెక్కడం, సీట్ల మీద మరకలు పడకుండా పూత, ఇలా ఒక్కొక్కటే అడిగారు. ఒక్కొక్కటికే వద్దన్నాను. గంటన్నరలో తాత్కాలిక నంబరుతో బండి ఇంటి ముందు ఉంది. నాన్న దాని నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు.

ఆ తరవాతి నెలల్లో తెలిసినవి కొన్ని ఉన్నాయి. కిటికీ అద్దాల మీటలు తలుపుల మీద కాక మధ్యలో, గేరు దగ్గర ఉంటాయి. మొదట్లో చేయి తడుముకున్నాను గానీ, అమ్మ వైపు అద్దం ఎత్తడానికి అదే వీలుగా కుదిరింది. నలుగురితో గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే హైవే ఎక్కేటప్పుడు ముందుగానే గట్టిగా తొక్కాలి. ముందు సీటు కూడా బల్లలా వాలిపోతుంది కాబట్టి, పొడవాటి పుస్తకాల అలమరా పలకలు వెనక తలుపును తాడుతో కట్టే పని లేకుండా ఇంటికి చేర్చగలిగాను. మా రాష్ట్రంలో పెట్రోలు మనం పట్టుకోకూడదు, బంకు మనిషే పట్టాలి. ఈ బండికి పోలికైన సబర్బన్‌లాగే ఆ చట్టం కూడా 1949 నాటిదే! పట్టే మనిషి ప్రతిసారీ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు.

డిసెంబరులో అమ్మానాన్నల తిరుగు ప్రయాణం. వెనక సీటు రెండు భాగాలుగా విడివిడిగా వాలుతుంది కాబట్టి పెద్ద భాగం వాల్చి నాలుగు సూట్‌కేసులూ సర్దాను. మిగిలిన చోట నాన్న కూర్చున్నారు. నేను ఆఖరి సంచి సర్ది వెనక తలుపు వేసి ముందుకు వచ్చేసరికి, అమ్మ అప్పటికే ఎక్కి కూర్చొని, బెల్టు పెట్టుకొని, నా కోసం చూస్తోంది.