సిలికాన్ అంచున ఇనుము

మంగళవారం, రాత్రి పదకొండు.

నాలుగు రోజులుగా కంటికి రెప్పలా చూసుకుంటున్న ఒక చిన్న వంపు ఈ మధ్యాహ్నం రెండున్నరకు గ్రాఫు మీద నుంచి తుడిచిపెట్టుకుపోయింది. దాని గురించి రాయకుండా పడుకోలేను.

వీఎస్ఎం, అంటే నమూనాను ఊపి దాని అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం. దాని మీద నా వంతు ఉదయం తొమ్మిదికి. పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కాను. రాత్రంతా వాన కురిసి, పొద్దున కూడా ముసురు పట్టే ఉంది. అమీర్‌పేటలో బోగీ సగం ఖాళీ అయి మళ్లీ నిండింది. రోజూ దుర్గం చెరువు రాగానే తల తిప్పి చూసే అలవాటు నాకు, ఈరోజు చూడలేదు. ఒళ్లో నోట్‌బుక్కు, అందులో శుక్రవారం నాటి గ్రాఫు. రాయదుర్గంలో దిగి షేర్ ఆటో ఎక్కేవరకూ దాన్నే చూస్తూ ఉన్నాను.

ఏమిటా గ్రాఫు? నా నమూనా నాలుగు మిల్లీమీటర్ల చదరపు సిలికాన్ ముక్క. దాని మీద ప్లాటినం, కోబాల్టు, ప్లాటినం, కోబాల్టు, ఇలా పది జతలు స్పట్టరింగ్‌తో, అంటే లోహపు పలక నుంచి పరమాణువులను రాల్చి పూతగా పట్టించే పద్ధతితో, పరిచాను. ఒక్కో కోబాల్టు పొర మందం అర నానోమీటరు, అంటే రెండు మూడు వరసల పరమాణువులు. పది పొరల కోబాల్టునూ కలిపినా 5 నానోమీటర్లే. పల్చని అయస్కాంతపు పొర మామూలుగా తన అయస్కాంతత్వాన్ని పొర వెంబడి పడుకోబెట్టుకుంటుంది, దాని ఆకారం అటువంటిది. కానీ ప్లాటినం ఆనుకుని ఉన్న చోట కోబాల్టు ఎలక్ట్రాన్ల అయస్కాంత దిశలు పొరకు నిలువుగా ఉండటానికే మొగ్గుతాయి. పొర పల్చగా ఉన్నంతసేపు ఆ సరిహద్దుదే పైచేయి, అయస్కాంతత్వం నిలబడుతుంది. కోబాల్టు మందం దాదాపు ఒక నానోమీటరు దాటాక ఆకారం గెలుస్తుంది, అయస్కాంతత్వం పడుకుంటుంది. 1985లో పీటర్ కార్షియా, ఆయన సహచరులు కోబాల్టు–పల్లేడియం పొరల్లో ఈ నిలబడటాన్ని చూపించారు. నా థీసిస్ అంతా, నిలబడటం ఆగి పడుకోవడం మొదలయ్యే ఆ మందం నా పొరల్లో ఎంతో కొలవడమే. ఏడు నమూనాలు, ఏడు మందాలు. ఒక్కోదాన్నీ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచి, వచ్చిన అంకెలను మందానికి ఎదురుగా గుర్తిస్తే ఒక సరళరేఖ రావాలి. ఆ రేఖ నిలువు అక్షాన్ని తాకే చోటు సరిహద్దు బలం ఎంతో చెబుతుంది.

శుక్రవారం నిలువుగా కొలిచిన లూప్, అంటే క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తూ అయస్కాంతత్వాన్ని గీసిన గ్రాఫు, దాదాపు చతురస్రంగా వచ్చింది. క్షేత్రం పెంచుతూ పోతే ఒక చోట అయస్కాంతత్వం ఒక్కసారిగా తిరగబడాలి, ఆ పైన గీత నేలలా చదునుగా సాగాలి. తిరగబడింది. చదునుగా మాత్రం సాగలేదు. దాదాపు 3,000 ఓర్‌స్టెడ్‌ల (క్షేత్రం బలానికి కొలమానం) వరకు మెల్లగా పైకి పాకుతూనే ఉంది. మొత్తం సంకేతంలో పదో వంతు కంటే తక్కువే. కానీ అది నా కళ్లలో పడింది, పడ్డాక వదల్లేదు.

పొరల్లో ఏదో ఒకటి వాలి ఉందని, అదే ఆ వంపని అనుకున్నాను. పై జతలు పెరిగే కొద్దీ గరుకుదేలి, అక్కడి కోబాల్టు నిటారుగా కాక ఏటవాలుగా నిలబడి ఉండవచ్చని రెండు పేజీలు రాశాను కూడా. కాంతితో అయస్కాంతత్వాన్ని చూసే కెర్ పరికరంలో ఈ వంపు కనిపించలేదు. దానికీ నా దగ్గర జవాబు ఉంది: నిలువు కెర్ అమరిక పొరలో పడుకున్న భాగాన్ని పట్టుకోదు కదా! ఆ మాట వరకు నిజమే, కానీ అది ఈ వంపుకు జవాబు కాదు. 1870లలో జాన్ కెర్ మెరుగు పెట్టిన అయస్కాంతపు ధ్రువం మీద కాంతిని పడవేసి, తిరిగి వచ్చే కాంతి ధ్రువణం కొద్దిగా తిరుగుతోందని చూశాడు. మేము ఇప్పటికీ అదే చేస్తున్నాం, లేజరుతో. కానీ లేజరు చుక్క ముక్క నడిమధ్యన పడుతుంది, అంచులను చూడదు. ఈ రెండో సంగతి నాకు నాలుగు రోజులూ తట్టలేదు.

వంపులంటే ఈ పనిలో ఉన్నవాళ్లకు ఊరికే ఆశ పుట్టదు. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్ బృందం, పీటర్ గ్రూన్‌బెర్గ్ బృందం వేరువేరుగా ఇనుము–క్రోమియం పొరల విద్యుత్ నిరోధాన్ని కొలిచాయి. ఫెర్ట్ పొరల్లో క్రోమియం మందం 0.9 నానోమీటర్లు ఉన్నప్పుడు, అతి శీతలంలో, క్షేత్రం పెట్టగానే నిరోధం దాదాపు సగానికి పడిపోయింది. ఆ గ్రాఫు వాళ్లకు 2007లో నోబెల్ తెచ్చిపెట్టింది, అంతకుముందే హార్డ్ డిస్కుల్లోకి వెళ్లిపోయింది. అలాంటి గ్రాఫులు చూస్తూ పెరిగినవాళ్లం, ఒక మూల కనిపించే చిన్న తేడాను తేలిగ్గా ఎలా వదిలేస్తాం?

నిన్న సాయంత్రం నా గైడ్ మేడమ్ గారికి చూపించాను. చాలాసేపు చూసి ఒక్క మాటే అడిగారు. "ఖాళీ ముక్కను కొలిచావా అమ్మా?"

కొలిచాను, పోయిన సంవత్సరం. అప్పుడే తెరిచిన పెట్టెలోంచి తీసిన ముక్క. ఆ మాటే చెప్పాను. "దీన్ని కోసినట్టే కోసి, దీన్ని పట్టుకున్నట్టే పట్టుకుని కొలువు" అన్నారు. మనసు చివుక్కుమంది. అది ఆవిడ మీద కోపం కాదు, భయం.

ఈరోజు జూనియర్ అమ్మాయి నాతో పాటు కూర్చుంది. మొదట అయస్కాంతత్వం ఎంతో ముందే తెలిసిన నికెల్ ముక్క పెట్టి యంత్రాన్ని సరిచూసుకున్నాం. ఈ యంత్రం చేసే పని చెప్పడానికి తేలిక. నమూనాను ఒక సన్నని కడ్డీ చివర కట్టి, అయస్కాంత క్షేత్రంలో పైకీ కిందికీ సెకనుకు కొన్ని పదుల సార్లు ఊపుతుంది. కదిలే అయస్కాంతం పక్కనున్న తీగచుట్టల్లో వోల్టేజీ పుట్టిస్తుంది, ఆ వోల్టేజీయే లెక్క. 1959లో సైమన్ ఫోనర్ దీని గురించి ప్రచురించిన వ్యాసంలోని బొమ్మ నాకు ఎంతో ఇష్టం. నమూనాను ఊపడానికి లౌడ్ స్పీకరు, దాని కింద కాగితపు కప్పు, ఆ కింద పానీయాలు తాగే గొట్టం. జూనియర్‌కు ఆ బొమ్మ చూపిస్తే, "ఇంట్లో చేసుకోవచ్చా అక్కా?" అంది. వాళ్ల ఊరి బడిలో చేసి చూపించాలట. సెలవుల్లో కూర్చుని ఆలోచిద్దామని మాట ఇచ్చాను.

తరువాత ఖాళీ సిలికాన్ ముక్క. నా ముక్కలను ఎలా కోశానో అలాగే డైమండ్ కొనతో గీత గీసి విరిచాను. ఎప్పటిలాగే స్టీలు ట్వీజర్లతో పట్టుకుని, క్వార్ట్జ్ కడ్డీకి ఆనించి, టెఫ్లాన్ టేపు చుట్టాను. మా ప్లాస్టిక్ ట్వీజర్ల కొన ఆరు నెలల కిందట విరిగింది. అప్పటి నుంచి స్టీలువే వాడుతున్నాం. కడ్డీని దించి, తీగచుట్టల నడుమ సరైన బిందువు కోసం మూడు దిశల్లోనూ మరలు తిప్పాను. సంకేతం ఒక దిశలో కనిష్ఠం, మిగతా రెంటిలో గరిష్ఠం అయ్యే చోటు అది. యంత్రం సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. యంత్రాన్ని చల్లబరిచే నీటి చప్పుడు, బయట వాన.

సిలికాన్ అయస్కాంతాన్ని కొద్దిగా వికర్షిస్తుంది. కాబట్టి తెర మీద ఎడమ నుంచి కుడికి వాలే సరళరేఖ రావాలి. 10,000 ఓర్‌స్టెడ్‌ల దగ్గర నా ముక్క పరిమాణానికి ఆ వాలు, కోబాల్టు మొత్తం ఇచ్చే సంకేతంలో ఐదో వంతు ఉంటుంది. అది మాకు అలవాటే, తీసివేస్తాం. చుక్క తరువాత చుక్క పడుతోంది. కుడి చివర వాలు సరిగానే ఉంది. ఐదు వేలు, నాలుగు వేలు, మూడు వేలు. అక్కడ రేఖ నా మాట వినలేదు. సున్నాకు ఇటూ అటూ ఒక చిన్న మెలిక. సరళరేఖ నడుమ ఎవరో వేలితో నొక్కినట్టు. వాలు తీసివేసి చూస్తే నా శుక్రవారపు వంపే, అదే ఎత్తు, అదే 3,000.

ఆ ముక్క మీద కోబాల్టు లేదు, ప్లాటినమూ లేదు. ఏమీ లేదు.

జూనియర్ ఏమీ అనలేదు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది రాసుకోవడానికి సిగ్గుపడను. నాలుగు రోజులు దానితో తిన్నాను, దానితో పడుకున్నాను.

తిరిగి వచ్చి లెక్క వేశాను. ఆ వంపుకు ఎంత ఇనుము చాలు? 50 నానోగ్రాములు. అంటే ఒక వైపు 20 మైక్రాన్లు కూడా లేని రేణువు, తల వెంట్రుక కంటే సన్నం. సిలికాన్ స్టీలు కంటే గట్టిది. విరిగిన అంచు కత్తిలా ఉంటుంది. ట్వీజర్లతో నొక్కి పట్టుకున్న ప్రతిసారీ ఆ అంచు స్టీలును గీకి కొంచెం కొంచెం తనకు అంటించుకుంటుంది. మైక్రోస్కోపు కింద ట్వీజర్ల కొనలు చూశాం. లోపలి వైపు సన్నని గాట్లు, కొత్తవీ పాతవీ, వరసగా. నా ఆరు నెలల పని ఆ గాట్లలో కనిపించింది.

నా తరువాత స్లాట్ పింగాణీ నమూనాలు చేసే సీనియర్ అన్నయ్యది. సంగతి చెప్పగానే, "ముందు నీ ముక్క చూసుకోమ్మా, నాది రాత్రికైనా అవుతుంది" అని తన రెండు గంటలూ ఇచ్చేశారు. అసలు నమూనాను తీసుకుని, దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి, నాలుగు అంచులూ ఒక్కోటి పదిసార్లు తుడిచాను. ఫిల్ము మీదికి దూది జారకుండా ఊపిరి బిగబట్టి. చేతి తొడుగు వేసుకున్న వేళ్లతోనే కడ్డీకి ఆనించాను.

రెండున్నరకు లూప్ పూర్తయింది. చతురస్రం. ఇన్నాళ్లలో ఇంత శుభ్రమైన మూలలు నేను చూడలేదు. 620 ఓర్‌స్టెడ్‌ల దగ్గర తిరగబడింది, ఆ పైన గీత చదునుగా సాగిపోయింది. దుఃఖం ఎక్కడికీ పోలేదు. దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఈ గీత నా కోబాల్టుది, ఇంకెవరిదీ కాదు.

ఇంకో సంగతి కూడా కుదుటపడింది. శుక్రవారపు లెక్కలో ఘనపు సెంటీమీటరు కోబాల్టుకు 1,560 ఈఎంయూ (అయస్కాంతత్వానికి కొలమానం) వచ్చింది. ముద్ద కోబాల్టుకు ఉండేది 1,400 చిల్లర. కోబాల్టును ఆనుకున్న ప్లాటినం కూడా కొంత అయస్కాంతత్వం తెచ్చుకుంటుంది కాబట్టి, ఆ ఎక్కువంతా ప్లాటినం చలవ అని రాసుకున్నాను. ఇప్పుడు 1,440 వచ్చింది. ముక్క వైశాల్యం కొలవడంలోనే మూడు నాలుగు శాతం తేడా రావచ్చు. ఆ మిగిలిన కొంచెం ప్లాటినానిదని చెప్పే హక్కు ఈ కొలతతో నాకు లేదు. ఆ రెండు పేజీల మీద అడ్డంగా గీత గీశాను, చింపలేదు.

మేడమ్ గారికి సందేశం పెట్టాను. "వంపు అంచు నుంచి వచ్చింది మేడమ్. ఏడు నమూనాలూ తుడిచి మళ్లీ కొలుస్తాను." పది నిమిషాలకు జవాబు. "మంచిది అమ్మా. ఈ శుక్రవారం ఖాళీ ముక్క గ్రాఫు కూడా చూపించు, అందరికీ పనికొస్తుంది."

ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. నాన్న కొట్టు కట్టేసి వచ్చి, ఇంట్లో బల్ల ముందు కూర్చుని ఒక రాళ్ల నెక్లెసు విప్పుతున్నారు. పాట్ మార్కెట్‌లో ముప్పై ఏళ్లుగా ఆయన చేసేది ఇదే. పాత నగ వస్తే రాళ్లు తీసి, లక్క కరిగించి, ఆ బరువులు తీసేసి, ఉన్న బంగారం ఎంతో చెప్పాలి. తూకం వేసేటప్పుడు ఫ్యాను ఆపేస్తారు. చిన్నప్పుడు మేమంతా ఆ నిమిషం మాట్లాడకుండా కూర్చునేవాళ్లం.

అన్నం తింటూ జరిగిందంతా చెప్పాను. ఎంత ఇనుము అని అడిగారు. నానోగ్రాము అంటే ఆయనకు అందదని, గురివింద గింజతో లెక్క కట్టాను. గింజ 0.12 గ్రాములు అనుకుంటే, అందులో ఇరవై నాలుగు లక్షలో వంతు. ఆయన ముద్ద కలపడం ఆపి నా వైపు చూశారు.

"దేనితో పట్టుకున్నావు?"

"స్టీలు ట్వీజర్లతో నాన్నా."

"ఇనుప శ్రావణం తేజాబులో ముంచితే ఏమవుతుందో నీకు చూపించాను కదమ్మా."

చూపించారు. నాకప్పుడు పదేళ్లు. నగల మీది నలుపు పోవడానికి వేసే పలచని ఆమ్లంలో కొద్దిగా రాగి కరిగి ఉంటుంది. ఇనుప పనిముట్టు తగిలిందంటే ఆ రాగి వచ్చి నగ మీద ఎర్రగా పేరుకుంటుంది. ఒక వెండి పట్టీని ముంచి, ఇనుప మేకు తాకించి చూపించారు. ఎర్రబడ్డ పట్టీని చూసి నేను ఏడిస్తే, మళ్లీ తెల్లగా చేసి ఇచ్చారు.

చెయ్యి కడుక్కుని పెట్టె తెరిచి, అడుగు నుంచి ఇత్తడి శ్రావణం ఒకటి తీశారు. తాతయ్యదట. కొనలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం బిళ్ల తెచ్చి దానికి ఆనించాను. అంటుకోలేదు. అది చాలదు. ఇత్తడిలోనూ కొంచెం ఇనుము ఉండవచ్చు, ఈ బిళ్లకు అది తెలియదు. దూదిలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. రేపు తొమ్మిదికి స్లాట్. ఇంకో ఖాళీ ముక్క కోసి, దీనితో పది సార్లు పట్టుకుని, ముందు దాన్ని కొలవాలి.