భయస్తురాలైన కాకటీల్ పిల్ల: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చాం

చుక్క కాకటీల్ పిల్ల. కాకటీల్ అంటే నెత్తి మీద తురాయి, అంటే ఈకల కుచ్చు, ఉండే చిన్న చిలక. బూడిద రంగు ఒళ్లు, చెంపల మీద నారింజ చుక్కలు, అందుకే ఆ పేరు. తోక ఈకల అడుగున పసుపు చారలున్నాయి కాబట్టి ఆడదే అంటున్నారు చూసినవాళ్లు. కానీ ఈ వయసులో మగపిల్లలకూ ఆ చారలుంటాయి. మొదటిసారి ఈకలు రాల్చి కొత్తవి వచ్చాక గానీ తేలదు. నేను మాత్రం ఆడపిల్ల అనుకునే పిలుస్తున్నాను.

తల్లిదండ్రుల దగ్గర పెరిగింది, మనుషుల చేతిలో తిన్నది కాదు. చెయ్యి అంటే దానికి తెలిసిందల్లా పట్టుకుని బయటికి లాగేదనే. వచ్చిన కొత్తలో నేను గది గుమ్మంలో కనిపిస్తే చాలు, గింజలు వదిలేసి పంజరం వెనక మూలకు పోయేది.

"చేతి మీదికి వస్తోందా?" అని అందరూ అడుగుతున్నారు. నేను చూసుకునే కొలత అది కాదు. నేను ఎంత దగ్గరగా ఉన్నా తిండి ఆపకుండా తింటుందో, ఆ దూరాన్నే నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఆ దూరం తగ్గితే పని జరుగుతున్నట్టు. పెరిగితే ఏదో మారిందన్నమాట, అదేమిటో వెతకాలి.

పంజరం ఎక్కడ పెట్టాలి

చిలకల కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ చూసుకుంటూ బతకాల్సిన జీవి మరి. గది మధ్యలో పెడితే ఏ దిక్కు నుంచి ఏం వస్తుందోనని దానికి క్షణం తీరిక ఉండదు. అందుకే ఒక పక్క గోడకు ఆనించాను. కూర్చునే కర్ర నా గుండెల ఎత్తుకు కాస్త పైన ఉండేలా స్టాండు మీద పెట్టాను. నేలకు దగ్గరగా ఉంటే మనం ప్రతిసారీ పైనుంచి వంగుతాం. పైనుంచి దిగేదేదైనా దాని లెక్కలో డేగే.

తీగల మధ్య సందు 1.5 సెంటీమీటర్లకు మించనివ్వలేదు, లేకపోతే పిల్ల తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. గిన్నెలు బయటి నుంచే తీసి పెట్టే రకం. దీనివల్ల తిండీ నీళ్లూ మార్చడానికి చెయ్యి లోపలికి పెట్టే పని తప్పింది. భయం తగ్గడంలో సగం పుణ్యం ఈ గిన్నెలదేనని నా నమ్మకం.

రాత్రి మూడు వైపులా పల్చటి బట్ట కప్పి, చిన్న బెడ్‌లైట్ ఉంచుతున్నాను. కాకటీళ్లకు చీకట్లో ఉలిక్కిపడి పంజరమంతా రెక్కలు కొట్టుకునే గుణం ఉంది. కాస్త వెలుగుంటే కర్ర ఎక్కడుందో కనిపిస్తుంది, త్వరగా సర్దుకుంటుంది. నిద్ర 10 నుంచి 12 గంటలు ఉండాలి. నిద్ర చాలని రోజు ఏం నేర్పబోయినా దండగే.

తురాయి ఏం చెబుతుంది

కాకటీల్‌తో ఉన్న సుఖం ఇదే, మనసులో మాట నెత్తి మీదే కనిపిస్తుంది. తురాయి నిటారుగా లేచి ఒళ్లు సన్నగా బిగిస్తే ఉలికిపాటు. తలకు అతుక్కుపోయి, నోరు తెరిచి బుస కొడితే 'ఇంకొక్క అడుగు వేశావంటే పొడుస్తా' అని. సగం వాలి, కొన మాత్రం పైకి వంగి ఉంటే కుదురుగా ఉన్నట్టు. ఒంటికాలి మీద నిలబడటం, ఒళ్లు విదిలించుకుని ఈకలు సర్దుకోవడం, నిద్రకు ముందు ముక్కుతో పళ్లు నూరినట్టు చప్పుడు చేయడం, ఇవన్నీ మంచి గుర్తులు. కదలకుండా బిగుసుకుపోవడాన్ని మాత్రం 'బుద్ధిగా కూర్చుంది' అనుకోకూడదు. అది భయంలో చివరి మెట్టు.

వెనక్కి తగ్గడమే బహుమతి

మొదట్లో నా చేతిలోంచి ఏదీ తినదు. మరి బహుమతిగా ఏమివ్వాలి? దానికి అప్పుడు అన్నిటికన్నా కావలసింది నేను అక్కడ లేకపోవడమే. కాబట్టి అదే ఇచ్చాను.

పద్ధతి ఇది. నేరుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి, మెల్లగా మాట్లాడుతూ నడవాలి. కళ్లలో కళ్లు పెట్టి చూడకూడదు. తురాయి కొద్దిగా కదలగానే, అంటే బుస దాకా రాకముందే, ఆగాలి. అక్కడే నిలబడాలి. అది రెప్ప ఆర్పినా, ఒళ్లు వదులు చేసినా, మళ్లీ గింజ అందుకున్నా వెంటనే వెనక్కి వెళ్లిపోవాలి. కుదురుగా ఉంటే మనిషి తనంతట తానే పోతాడని దానికి అర్థమవుతుంది. బుస కొట్టేదాకా మీదికి వెళ్లి అప్పుడు వెనక్కి తగ్గామనుకోండి, బుస పనిచేస్తుందని నేర్పినవాళ్లం అవుతాం. ఒక్కోసారి ఐదు నిమిషాలు మించకుండా, రోజుకు రెండుమూడుసార్లు చాలు.

తువ్వాలుతో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంటే అదే అలవాటు పడుతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. డాక్టరుకు చూపించాల్సినప్పుడు తప్ప నేనా పని చేయను. ఆశ వదులుకుని ఊరుకోవడం మచ్చిక కావడం కాదు.

కొర్ర కంకి

పంజరం పక్కన నిలబడగలిగిన దగ్గర్నుంచి కొర్ర కంకి రంగంలోకి దిగింది. రోజువారీ గిన్నెలో కంకి వేయడం మానేశాను, నా చేతిలో మాత్రమే దొరుకుతుంది. అంతేగానీ ఆకలితో మాడ్చడం లేదు. ఇంత చిన్న పక్షి ఒక పూట సరిగ్గా తినకపోయినా నీరసిస్తుంది. ముందు పొడుగాటి కాడ కొన పట్టుకుని తీగల్లోంచి చూపించడం, తర్వాత కాడ పొట్టిచేస్తూ పోవడం. అది మెడ చాచి అందుకునేచోటే ఆపాలి, మూతి దగ్గరికి తోయకూడదు. రానంటే సరే, కంకి తీసేసి వెళ్లిపోతాను. వద్దనే హక్కు దానికి ఉందని తెలిశాక చుక్క త్వరగా ముందుకొచ్చింది.

ఆ తర్వాత టార్గెట్ కర్ర. పుల్ల కొనను ముక్కుతో తాకితే నాలుకతో 'టక్' అని, ఒక గింజ. క్లిక్కర్ (శిక్షణలో నొక్కి 'టక్' మనిపించే చిన్న పరికరం) చప్పుడుకు అదిరిపడింది కాబట్టి నాలుకే నయం. పుల్లను పంజరం తలుపు దాకా జరిపితే తానే నడిచొచ్చింది.

తలుపు తీసే ముందు ఫ్యాను ఆపడం, కిటికీలు మూయడం, అద్దం మీద బట్ట వేయడం తప్పనిసరి. నాన్‌స్టిక్ గిన్నెలు ఇంట్లోంచే తీసేశాను. అవి మాడితే వచ్చే పొగ పక్షుల ప్రాణం తీస్తుంది. కర్టెన్ రాడ్ ఎక్కి కూర్చుంటే వెంటపడను, పంజరంలో కంకి కట్టి ఎదురుచూస్తాను.

మధ్యలో ఒక చుట్టం 'ఏదీ, నన్నేం చేస్తుంది' అంటూ తీగల్లోంచి వేలు దూర్చాడు. ఆ సాయంత్రం మన కొలత మళ్లీ సగం గదికి పోయింది. అయితే రెండోసారి దగ్గరవడానికి మొదటిసారంత కాలం పట్టలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందే చెబుతున్నాను: చూడొచ్చు, వేళ్లు మాత్రం జేబులో.

ప్రస్తుతం

అరచెయ్యి తలుపు దగ్గర కదలకుండా పెట్టి, కంకి దానికి అవతల చూపిస్తే ఒక కాలు మణికట్టు మీద వేసి అందుకుంటోంది. రెండో కాలు ఇంకా కర్ర మీదే. అది మొత్తంగా ఎక్కినా వెంటనే చెయ్యి ఎత్తకూడదని అనుకున్నాను. ఎక్కడం, దిగడం దాని ఇష్టం మీదే కొన్నాళ్లు సాగాలి.

ఇంకో పక్క గ్రాముల తూకం మీద చిన్న కర్ర బిగించి, పుల్ల చూపి ఎక్కిస్తున్నాను. పెద్ద కాకటీల్ మామూలుగా 80 నుంచి 100 గ్రాములుంటుంది. పక్షులు జబ్బును బయటపడనివ్వవు కాబట్టి ముందు తెలిసేది తూకంలోనే. చుక్క 84 దగ్గర నిలకడగా ఉంది. దీని తర్వాత ప్రయాణాల పెట్టె అలవాటు చేయాలి, మూత తీసి పంజరం పక్కనే ఉంచాను. ప్రస్తుతానికి దానికేసి తురాయి లేపి చూడటంతోనే సరిపెడుతోంది.