నున్న మామిడితోటలో ఒక పురుగు

విజయవాడలో సింగ్‌నగర్, పైపుల రోడ్డు దాటి నూజివీడు వైపు వెళ్తే నున్న వస్తుంది. వేసవిలో మామిడి లారీలతో కిక్కిరిసే మార్కెట్ మేం వెళ్లేసరికి ఖాళీగా ఉంది. నేరుగా పెదనాన్న తోటకి వెళ్లాం.

పాత బంగినపల్లి చెట్టొకటి సగం ఎండిపోయింది. చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టులాంటి పొడి రాలి ఉంది, బెరడు మీద జిగురు కారుతోంది. చూడగానే ప్రాణం ఉసూరుమంది. "కాండం తొలిచే పురుగమ్మా. కొమ్మ ఎండేదాకా లోపల తింటున్నట్టే తెలీదు" అన్నాడు పెదనాన్న. కొక్కెంలా వంచిన ఇనుప తీగని రంధ్రంలో తిప్పి లాగితే వేలంత లావు తెల్లటి పురుగు బయటపడింది.

"అత్తా, ఇది వెల్వెట్ వార్మా?" అన్నాడు అన్నయ్య కొడుకు. ఫోన్‌లో వీడియో చూశాడట. మంచి ప్రశ్న. రెండూ మెత్తగానే ఉంటాయి, రెండిటికీ చీకటే ఇష్టం. కానీ దీనికి కాళ్లు దాదాపు లేవు, దవడలదే బలమంతా. బతికున్న చెట్టులో ఉండి కలపే తింటుంది. ఇంతా చేసి ఇది పిల్ల దశ. పొడవాటి మీసాల పెంకుపురుగై బయటికొచ్చి, ఇంకో చెట్టు బెరడులో గుడ్లు పెడుతుంది.

వెల్వెట్ వార్మ్‌ది పుట్టినప్పటినుంచీ ఒకటే రూపం. మఖమల్ లాంటి ఒళ్లు, కింద జతలు జతలుగా పొట్టి కాళ్లు. కలప జోలికే పోదు. కుళ్లిన దుంగల కింద, తడి ఆకుల్లో తిరుగుతూ, నోటికి రెండు పక్కలనుంచీ జిగురు చిమ్మి చిన్న పురుగుల్ని కదలనీయకుండా పట్టి తింటుంది. దాని ఊపిరి రంధ్రాలు మూసుకోవు కాబట్టి ఒంట్లో తడి ఇట్టే ఆరిపోతుంది. బెజవాడ ఎండకి ఒక్క పూట కూడా ఆగదు. మన దేశంలో అరుణాచల్‌ప్రదేశ్ సియాంగ్ లోయలో ఉంది. 1911లో స్టాన్లీ కెంప్ అనే జంతుశాస్త్రవేత్తకి దొరికాక, వందేళ్లు దాటాకగానీ మళ్లీ కనబడలేదు. దాని ప్రాచీన బంధువుల ఆనవాళ్లు 50 కోట్ల ఏళ్లనాటి రాళ్లలో ఉన్నాయి. అలాంటి ప్రాణి ఇంకా బతికుందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

"మరి ఆరుద్ర పురుగు?"

"అది వేరేరా. ఎనిమిది కాళ్లుంటాయి, సాలీడుకి చుట్టం."

చెట్టు కొట్టేయమని పక్క తోటవాళ్లు చెప్పారట. నాకు మనసొప్పలేదు, పెదనాన్నకీ ఒప్పలేదు. పెట్రోలులో ముంచిన దూది రంధ్రంలో కుక్కి, బంకమట్టితో మూసేశాడు. పక్క వరసలో చిన్నరసాల చెట్ల కింద కూడా పొట్టు రాలిందేమో చూడాలని ముగ్గురం అటు నడిచాం.