వద్దని చెప్పగలిగే స్థితి

ప్రయోగశాలల్లో నేను గడిపిన పన్నెండేళ్లలో తొమ్మిదేళ్లు కాంట్రాక్టు మీదే సాగాయి. ఆరు నెలలకొకసారి ఒక పేజీ కాగితం వచ్చేది. దాని మీద పాత తేదీ కొట్టివేసి కొత్త తేదీ వేసి, కింద ప్రాజెక్టు అధిపతి సంతకం పెడితే మరో ఆరు నెలలు జీతం వస్తుంది, లేకపోతే నెలాఖరుకు బల్ల ఖాళీ చేయాలి. ఆ రోజుల్లో మా బృందం గాలిలో అతి స్వల్ప మోతాదులో ఉన్న రసాయన ఆవిరులను పసిగట్టే సెన్సర్‌ను తయారు చేస్తుండేది. కర్మాగారాల్లో విషవాయువుల లీకేజీని ముందే గుర్తించడానికి అది పనికొస్తుందని మాకు మొదట చెప్పారు. మూడో ఏడు నిధులిచ్చే సంస్థ మారింది, పరీక్షించవలసిన పదార్థాల జాబితా మారింది, ఫలితాలను బయట ఎక్కడా ప్రస్తావించబోమన్న హామీపత్రం మీద మా అందరి చేతా సంతకాలు చేయించుకున్నారు. ఈ పరికరం ఎవరి చేతికి వెళుతోంది, దేనికి వాడతారు అని సమావేశంలో అడగాలని నేను రెండు రోజుల పాటు మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. నా కాంట్రాక్టు గడువు అప్పటికి ఐదు వారాలే మిగిలి ఉంది. నేను అడగలేదు.

ఆ ప్రశ్న అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా సంతృప్తికరమైన జవాబే వచ్చి ఉండేది. నన్ను ఇన్నేళ్లుగా వదలనిది ఆ జవాబు సంగతి కాదు. అడగకుండా నన్ను ఆపినది ఏ పెద్ద శక్తీ కాక, ఒక పేజీ కాగితం మీద వేయవలసిన తేదీ అన్న సంగతి. శాస్త్రజ్ఞుల సామాజిక బాధ్యత గురించి ఉపన్యాసాలు విన్నప్పుడల్లా, బాధ్యత వహించడానికి కావలసిన స్థిమితం ఎంతమందికి ఉన్నదో ముందు లెక్క చూడాలని నాకు అనిపిస్తుంది.

మన భాషలో ‘శాస్త్రవేత్త’ అన్న మాటకు ఒక ఎత్తైన పీట ఉంది. ‘శాస్త్ర కార్మికుడు’ అంటే మాత్రం చాలామంది ముఖం చిట్లిస్తారు. కానీ ఈ రెండో మాటకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. బ్రిటన్‌లో 1918లోనే శాస్త్ర కార్మికుల జాతీయ సంఘం ఏర్పడింది. ఆ మాటను కోరి ఎంచుకున్న వారికి దాని అర్థం స్పష్టంగా తెలుసు: పరిశోధన చేసేవాడు, పరికరాలు బిగించేవాడు, నమూనాలు కడిగేవాడు, కొలతలు నమోదు చేసేవాడు, వీరందరూ తమ శ్రమను జీతానికి ఇస్తున్నవారే, ఆ శ్రమ ఫలితం దేనికి వాడబడుతుందో నిర్ణయించే అధికారం వారిలో దాదాపు ఎవరికీ లేదు. పరిశోధనను తపస్సుతో పోల్చి, తపస్సు చేసేవాడు జీతం గురించి, సెలవుల గురించి మాట్లాడడం ఏమిటని మందలించే పెద్దలను నేను చాలామందిని చూశాను. వారి నిష్ఠను నేను గౌరవిస్తాను. అయితే ఆ పోలిక వల్ల లాభపడేది తపస్సు చేసేవాడు కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

1946 జూలైలో, హిరోషిమా మీద బాంబు పడి ఇంకా ఏడాది నిండకముందే, ప్రపంచ శాస్త్ర కార్మికుల సమాఖ్య లండన్‌లో ఏర్పడింది. ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ జోలియో క్యూరీ దానికి తొలి అధ్యక్షుడు; స్ఫటిక శాస్త్రజ్ఞుడు జె. డి. బెర్నాల్ దాని వెనుక ఉన్న ముఖ్యుల్లో ఒకడు. రెండేళ్ల తరువాత, 1948లో, ఆ సమాఖ్య శాస్త్ర కార్మికుల హక్కుల పత్రాన్ని వెలువరించింది. ఆ పత్రంలో నన్ను ఆకట్టుకున్నది దాని కూర్పు. సమాజం పట్ల, ప్రపంచం పట్ల శాస్త్ర కార్మికులకు ఉన్న బాధ్యతలూ, వారికి ఉండవలసిన పని పరిస్థితులూ అక్కడ ఒకే పత్రంలో పక్కపక్కన కనిపిస్తాయి. ఇవాళ మనం ఈ రెంటిని విడదీసి, శాంతిని సదస్సులకూ, జీతాన్ని యూనియన్ గదికీ అప్పగించాము.

ఆ సమాఖ్య మీద విమర్శలు ఉన్నాయి, అవి నిరాధారమైనవి కావు. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అది సోవియట్ పక్షానికి ఒరిగిందని పశ్చిమ దేశాల శాస్త్రజ్ఞులు చాలామంది దూరంగా ఉండిపోయారు. శాంతి కోరే సంఘం రెండు వైపుల ఆయుధాలనూ ఒకే కంటితో చూడకపోతే దాని మాటకు బరువు తగ్గుతుంది. ఇటువైపు కూడా పరిస్థితి గొప్పగా ఏమీ లేదు: జోలియో క్యూరీని ఫ్రాన్సు ప్రభుత్వం 1950 ఏప్రిల్‌లో అణుశక్తి సంస్థ అధిపతి పదవి నుంచి తొలగించింది. అంతటి నోబెల్ గ్రహీతకే ఉద్యోగం అంత సన్నని దారం మీద వేలాడుతుంటే, ఆరు నెలల కాంట్రాక్టు మీద ఉన్నవాడి సంగతి వేరే చెప్పనవసరం లేదు.

శాంతి, పని పరిస్థితులు ఒకే విషయమని నాకు అర్థమైనది ఏ పత్రం చదివో కాదు, అమెరికాలో అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లోని ఒక గది గురించి చదివిన తరువాత. 1946 మే 21న లూయిస్ స్లోటిన్ అనే భౌతిక శాస్త్రవేత్త అక్కడ ఒక ప్లుటోనియం గోళం చుట్టూ రెండు బెరీలియం అర్ధగోళాలను దగ్గరకు చేర్చే ప్రయోగాన్ని తోటివారికి చూపుతున్నాడు. పై భాగం పూర్తిగా కిందికి దిగితే అణు గొలుసు చర్య అదుపు తప్పుతుంది. అది దిగకుండా మధ్యలో సందు ఉంచడానికి పెట్టవలసిన అడ్డుముక్కలను పక్కన పెట్టి, ఒక మామూలు స్క్రూడ్రైవర్ కొనను ఆ సందులో ఉంచి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఎడమ చేత్తో పై చిప్పను పట్టుకొని నిలబడ్డాడు. స్క్రూడ్రైవర్ జారింది. గదిలో నీలిరంగు వెలుగు మెరిసింది. అతడు వెంటనే పై చిప్పను విసిరివేసి చర్యను ఆపాడు, ఆ గదిలోని మిగిలిన ఏడుగురూ ఆ క్షణానికి బతికి బయటపడ్డారు, అతడు రేడియేషన్ సోకి తొమ్మిది రోజుల తరువాత మరణించాడు. అదే గోళం దగ్గర తొమ్మిది నెలల ముందు హ్యారీ డాగ్లియన్ అనే యువ శాస్త్రవేత్త పని చేస్తుండగా చేతిలోని ఇటుక దాని మీద జారి పడి, అలాగే రేడియేషన్ సోకి ఇరవై అయిదు రోజులకు ప్రాణం పోయింది. అంటే మొదటి మరణం తరువాత కూడా చేతులతో చేసే ఆ పద్ధతి కొనసాగింది. రెండో మరణం తరువాతనే దూరం నుంచి యంత్రాలతో నడిపే ఏర్పాటు వచ్చింది.

ఆ గదిలో తయారవుతున్నది ఒక నగరాన్ని బూడిద చేయగల వస్తువు. దాన్ని తయారు చేస్తున్న మనిషికీ ఆ వస్తువుకూ మధ్య ఉన్న రక్షణ స్క్రూడ్రైవర్ మొన మందం. దూరపు నగరంలోని ప్రాణాలను లెక్కలోకి తీసుకోని వ్యవస్థ తన గదిలోని ప్రాణాలను మాత్రం జాగ్రత్తగా చూసుకుంటుందని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ దొరకలేదు. ఇది ఆ కాలపు ముచ్చట మాత్రమే అనుకోవద్దు. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, గాలి తగిలితే చాలు అంటుకునే రసాయనాన్ని సిరంజిలోకి తీస్తుండగా మంటలు లేచి, ల్యాబ్ కోటు లేకుండా ఉన్న 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు పద్దెనిమిది రోజుల తరువాత చనిపోయింది. తగిన శిక్షణ, తగిన కోటు, పక్కన ఒక అనుభవజ్ఞుడు, ఇవన్నీ కార్మిక హక్కుల జాబితాలో మామూలుగా కనిపించే అంశాలే.

ఇక వద్దని చెప్పిన వారి సంగతి. అమెరికా అణుబాంబు పథకమైన మన్‌హట్టన్ ప్రాజెక్టును మనస్సాక్షి కోసం మధ్యలో వదిలి వెళ్లినవాడిగా జోసెఫ్ రోట్‌బ్లాట్ పేరు అందరికీ తెలుసు. జర్మనీ బాంబు ప్రయత్నాన్ని మానుకున్నదని తెలిసిన తరువాత, 1944 చివర్లో, ఆయన లాస్ అలమోస్ నుంచి బయటకు వచ్చారు. తనతో తెచ్చుకున్న కాగితాల పెట్టె వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే రైలులో మాయమైపోయిందనీ, అది మళ్లీ కనిపించలేదనీ ఆయనే తరువాత రాశారు. ఎందుకు వెళుతున్నదీ తోటివారికి చెప్పకూడదన్న షరతు మీదనే వెళ్లనిచ్చారు. ఆయన ధైర్యాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేశమాత్రం లేదు. కానీ తిరిగి వెళ్లడానికి ఆయనకు లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఒక స్థానం ఉంది. ఈ వివరాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆయన పక్క బల్ల మీద పని చేస్తూ, అదే మాట మనసులో అనుకొని, వెళ్లడానికి చోటు లేక ఆగిపోయిన వారి పేర్లు ఏ గ్రంథంలోనూ దొరకవు.

ఒంటరి మనస్సాక్షికి ఎంత దూరం పోయే శక్తి ఉందో 1945 జూలై చూపింది. జపాను మీద బాంబు వేసే ముందు నైతిక బాధ్యతను తలచమని భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ రాసిన అభ్యర్థన మీద అదే పథకానికి చెందిన చికాగో ప్రయోగశాలలోని డెబ్బై మంది సంతకం చేశారు. సైనికాధికారుల చేతుల మీదుగా సాగిన ఆ కాగితం అధ్యక్షుడు ట్రూమన్ బల్ల మీదికి చేరనే లేదు. యుద్ధం ముగిశాక వారిలో చాలామంది సంఘాలు కట్టారు, వాషింగ్టన్ వెళ్లి చట్టసభ సభ్యులను ఒక్కొక్కరినే కలిసి అణువు అంటే ఏమిటో ఓపికగా వివరించారు, అణుశక్తిని సైన్యం గుప్పిట్లో ఉంచే బిల్లును అడ్డుకున్నారు, 1946లో సైన్యానికి చెందని పౌర కమిషన్ చేతికి దాన్ని అప్పగించే చట్టం వచ్చేదాకా వదల్లేదు. ఆయుధాల తయారీ ఆగలేదు, నిజమే. కానీ డెబ్బై సంతకాల కాగితం సాధించలేనిది ఒక సంఘం సాధించింది.

యునెస్కో 1974లో శాస్త్ర పరిశోధకుల హోదా గురించి ఒక సిఫారసు ఆమోదించింది. 2017లో దాన్ని సవరించి మళ్లీ వెలువరించింది. ఒక ప్రాజెక్టు మానవీయ, సామాజిక, పర్యావరణ విలువ గురించి స్వేచ్ఛగా మాట్లాడే హక్కు పరిశోధకుడికి ఉందనీ, మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ పని నుంచి వైదొలగే హక్కు కూడా ఉందనీ అందులో ఉంది. నేను దాన్ని మొదటిసారి చదివినప్పుడు నా పాత కాంట్రాక్టు కాగితాలు తీసి పక్కన పెట్టుకున్నాను. వైదొలగిన మరునాటి నుంచి అద్దె ఎవరు కడతారో ఏ కాగితంలోనూ లేదు. సిఫారసు అంటే సిఫారసే. దానికి కాళ్లూ చేతులూ ఇవ్వవలసింది పని చేసే చోట ఉన్న సంఘం.

ఆయుధాలు వద్దంటే మా ఉద్యోగాలు ఏమవుతాయి అన్న ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన అత్యంత నిజాయతీ గల జవాబు బ్రిటన్‌లో లూకాస్ ఏరోస్పేస్ ఉద్యోగులు ఇచ్చారు. ఆ కంపెనీ వ్యాపారంలో సగం మేర సైనిక విమానాల విడిభాగాలు. తొలగింపులు తప్పవని తెలిసినప్పుడు ఇంజనీర్లు, ఫ్యాక్టరీ కార్మికులు ఒకే సంఘ సమాఖ్యగా కూడి, ఈ యంత్రాలతో, ఈ చేతులతో ఇంకేం చేయగలం అని తమ సభ్యులనే అడిగారు. 1976లో వారు ముందుంచిన ప్రణాళికలో దాదాపు 150 వస్తువులు ఉన్నాయి: మూత్రపిండాలు చెడినవారికి రక్తశుద్ధి యంత్రాలు, ఇళ్లు వెచ్చగా ఉంచే హీట్ పంపులు, ఇంజనూ బ్యాటరీ కలిసి నడిపే వాహనాలు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే బండి. అవసరమైన వస్తువు గీసినవాడూ దాన్ని తయారు చేసేవాడూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. యాజమాన్యం ఆ ప్రణాళికను తిరస్కరించింది. దాని రూపకర్తల్లో ప్రముఖుడైన మైక్ కూలీని 1981లో ఉద్యోగం నుంచి తొలగించారు. హీట్ పంపులూ, హైబ్రిడ్ వాహనాలూ ఇవాళ ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి.

ఈ మధ్యకాలంలో నాకు ఆశ కలిగించినవి రెండు. 2018లో గూగుల్ ఉద్యోగులు వేలాది మంది, డ్రోన్ల చిత్రాలను విశ్లేషించే సైనిక ఒప్పందం నుంచి తప్పుకోమని సంస్థకు లేఖ రాశారు; ఆ ఒప్పందాన్ని పొడిగించబోమని సంస్థ ప్రకటించింది. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో దాదాపు 48,000 మంది పరిశోధకులు, బోధన సహాయకులు పని ఆపి, సుమారు ఆరు వారాల తరువాత మెరుగైన వేతనాలతో తిరిగి వెళ్లారు. మొదటిది శాంతి విషయం, రెండోది జీతం విషయం అని పత్రికలు వేరు వేరు పేజీల్లో రాశాయి. ఈ రెండు పేజీలనూ ఒకచోట కుట్టడమే నాకు తెలిసిన పని.

ఇప్పుడు నేను పని చేసే చోట కాంట్రాక్టు ఉద్యోగులం, పరిశోధక విద్యార్థులం, టెక్నీషియన్లం కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నాము. కిందటి నెల యాజమాన్యానికి ఇవ్వవలసిన కోర్కెల పత్రం రాసుకున్నాము. కనీసం రెండేళ్ల కాంట్రాక్టు, సకాలంలో జీతం, ప్రసూతి సెలవు, విషపు ఆవిరులను బయటకు లాగే ఫ్యూమ్ హుడ్‌లలో పని చేయనివాటి మరమ్మతు, వ్యాసాల్లో టెక్నీషియన్ల పేర్లు, వేధింపుల మీద విచారణ సంఘంలో మా ప్రతినిధి అని ఆరు అంశాలు అరగంటలో తేలిపోయాయి. మాలో అందరికంటే చిన్నదైన ఒక పరిశోధక విద్యార్థిని ఏడవది ప్రతిపాదించింది: ప్రతి ప్రాజెక్టులో చేరేటప్పుడు నిధులు ఎవరివో, ఫలితాలు ఎవరికి చేరతాయో రాతపూర్వకంగా చెప్పాలి, ఒప్పుకోలేనివారిని అదే జీతంతో మరో పనికి మార్చాలి. దాని మీద రెండు గంటల పైన వాదన జరిగింది. ఇది పెడితే మిగిలిన ఆరూ పోతాయని కొందరు భయపడ్డారు, వారి భయంలో న్యాయం ఉంది. చివరికి చేతులెత్తి లెక్కిస్తే ఇరవై ఒకటికి పద్నాలుగుతో ఏడవ అంశం నిలిచింది.

పోయిన వారం జవాబు వచ్చింది. ఆరు అంశాల మీద ఒక్కొక్కదానికి ఒక పేరా ఉంది, వాటిలో రెంటికి ఒప్పుకున్నారు. ఏడవ అంశం మీద ఒక్క మాట కూడా లేదు. ఆ ఒక్క అంశం మీదే వేరుగా మరో లేఖ రాసి, ఈసారి కింద అందరం పూర్తి పేర్లతో సంతకాలు పెట్టాము. నా కాంట్రాక్టు గడువు వచ్చే మార్చి వరకు ఉంది.